పరుపు కింద పద్నాలుగు విమానాలు

(ఈ వారం ఎపిసోడ్ వినడానికి వీలు కానివాళ్ల కోసం, మాట్లాడింది మాట్లాడినట్టే రాసి పెడుతున్నాం. అక్కడక్కడ తడబడిన మాటలు మాత్రం తీసేశాం.)

  షార్జా నుంచి మాట్లాడుతున్నా.

పోయిన రెండు వారాలూ గ్రాట్యుటీ లెక్కలు చెప్పుకున్నాం. ఈ వారం కూడా అదే సాగాల్సింది. కానీ దోహా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆయన మాటల్లోనే చెప్తా. "అన్నా, మాల్ల ఒక విమానం బొమ్మ చూసిన. పాత కాలం పంకల విమానం. చేతుల పట్టుకుంటే బరువుగ ఉంది. మూడు వందల యాభై రియాళ్లంట. నెల దినాల సంది అదే కండ్లల్ల తిరుగుతుంది. రూముల చెప్తే అందరు నవ్వుతున్నరు. కొంటే తప్పా అన్నా?"

తమ్ముడూ, నవ్వేవాళ్లలో నేను లేను. ఒకప్పుడు నా పరుపు కింద అట్లాంటివి పద్నాలుగు ఉండేవి. ఈ సంగతి నా రూమ్మేట్లకు తప్ప ఎవరికీ తెలియదు. నీ పుణ్యమా అని ఇవాళ అందరికీ చెప్పేస్తున్నా.

అసలు ఎట్లా మొదలైందంటే, ఒక ఏసీ రిపేరు పనితో మొదలైంది. నా పని అదే కదా. షార్జాలో కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్ దగ్గర ఒక బిల్డింగులో పని తొందరగా అయిపోయింది. కంపెనీ బండి రావడానికి ఇంకా రెండు గంటలు. బయట ఎండ. పక్కనే ఒక పాత కోటలాంటి బిల్డింగు కనిపిస్తే, లోపల చల్లగా ఉంటుంది కదా అని వెళ్లా. అది అల్ మహట్టా మ్యూజియం. మహట్టా అంటే స్టేషన్. బస్సు స్టేషన్ కాదు, విమానాల స్టేషన్. ఈ గల్ఫ్ తీరంలో మొట్టమొదటి విమానాశ్రయాల్లో అదొకటి. నేను రోజూ వ్యాన్‌లో పోయే ఆ కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్ ఉంది చూడండి, అది ఒకప్పటి రన్‌వే. అందుకే ఆ రోడ్డు గీత గీసినట్టు అంత తిన్నగా ఉంటుంది. ఆరేళ్లు ఆ రోడ్డు మీద తిరిగి కూడా నాకు తెలియదు.

1932 అక్టోబరు 5న ఇక్కడ మొదటి ప్రయాణికుల విమానం దిగింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వాళ్లది. లండన్ నుంచి ఇండియా వెళ్లే దారిలో ఇక్కడ ఆగేది. ఆ విమానం పేరు హానో. రకం హ్యాండ్లీ పేజ్ హెచ్‌పీ-42. రెండంతస్తుల రెక్కలు, నాలుగు ఇంజన్లు, ఒక రెక్క కొస నుంచి ఇంకో కొసకి దాదాపు 40 మీటర్లు. ఇంత పెద్దది గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోయేది.  ఎడారిలో రాత్రి బస చేయడానికి ప్రయాణికులకు కోటలాంటి విడిది కట్టారు. నేను చల్లదనం కోసం దూరింది అందులోకే.

ఇంకొక సంగతి. అదే నెల, పది రోజుల తర్వాత, అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి ఒక చిన్న పస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులు తీసుకెళ్లారు. మన దేశంలో విమానాల కంపెనీ కథ అక్కడ మొదలైంది. లండన్ నుంచి ఇంపీరియల్ వాళ్లు కరాచీ దాకా తెచ్చిన టపానే టాటాలు అందుకుని బొంబాయికి, అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకి చేర్చేవాళ్లు. అంటే నేను స్పానర్ పట్టుకుని నిలబడ్డ ఈ ఇసుక మీద, మద్రాసు పోయే ఉత్తరాలు ఒక రాత్రి నిద్ర చేసి వెళ్లేవన్నమాట. గల్ఫ్‌కీ మనకీ మధ్య గాలి దారి మనం వచ్చాక వేసింది కాదు. మనకంటే ముందు ఉత్తరాలు వచ్చి వెళ్లాయి.

ఆ మ్యూజియం హ్యాంగర్లో నిజమైన పాత విమానాలున్నాయి. అవ్రో ఆన్సన్ ఉంది, డవ్ ఉంది, డీసీ-3 ఉంది. నేను ఎక్కువసేపు నిలబడింది డీసీ-3 దగ్గర. ముక్కు పైకెత్తి, తోక నేలకు ఆనించి, కుక్క కూర్చున్నట్టు ఉంటుంది. తోక కింద చిన్న చక్రం ఉండడం వల్ల అట్లా కూర్చుంటుంది. దాన్నే మన దగ్గర డకోటా అంటారు. ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. మా ఊర్లో సైలెన్సర్ ఊడిపోయిన బస్సునీ, తోస్తే తప్ప కదలని జీపునీ "డకోటా బండి" అంటాం కదా. ఇన్నేళ్లు నోటితో అంటున్నా, అది ఒక విమానం పేరని, ఆ విమానం మన ఆకాశంలో ఎన్నో ఏళ్లు తిరిగిందని నాకు తోచలేదు. మాట ఊరి దాకా వచ్చింది, విమానం రాలేదు.

ఇక బొమ్మల సంగతి. ఆ తర్వాత ఒక సెలవు రోజు దుబాయ్‌లో ఒక కొట్టు అద్దాల వెనుక అదే డీసీ-3 కనిపించింది. అరచేతిలో పట్టేంత ఉంది. కిటికీలు, తలుపు, తోక చక్రం, అన్నీ ఉన్నాయి. దీన్ని డైకాస్ట్ అంటారు. డై అంటే అచ్చు. ఇది ఇనుము కాదు తమ్ముడూ, జింకు. జింకులో కొంచెం అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కలిపిన లోహం. దాన్ని జమాక్ అంటారు. ఆ పేరు ఈ నాలుగు లోహాలకు జర్మన్ భాషలో ఉన్న పేర్ల మొదటి అక్షరాలతో కట్టింది. అది నాలుగు వందల డిగ్రీల లోపే కరిగిపోతుంది. కరిగినదాన్ని గట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి నెడతారు. క్షణాల్లో గడ్డకడుతుంది. అంచుల్లో మిగిలిన రేకు గీకేసి, రంగు కొట్టి, కిటికీలు, అక్షరాలు మెత్తటి సిలికాన్ దిండుతో అద్దుతారు. మన పెళ్లిళ్లలో చేతికి అచ్చు గోరింటాకు వేసినట్టు అనుకోండి. ప్రొపెల్లర్లు, యాంటెన్నాల లాంటి సన్నటివి మాత్రం తరచూ ప్లాస్టిక్‌తోనో, విడి ముక్కలతోనో చేసి తర్వాత బిగిస్తారు. ముందు విరిగేవి అవే.

స్కేలు అంటే ఏమిటో చాలామందికి అయోమయం. సింపుల్. డబ్బా మీద 1:200 అని ఉంటే, అసలు విమానం ఆ బొమ్మకంటే రెండు వందల రెట్లు పెద్దదని. డీసీ-3 రెక్కల వెడల్పు 29 మీటర్లు. 1:400 అయితే బొమ్మ రెక్కలు ఏడు సెంటీమీటర్ల చిల్లర, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద. 1:200 అయితే పద్నాలుగున్నర సెంటీమీటర్లు. 1:144 అయితే జానెడు, ఇరవై సెంటీమీటర్లు. 1:72 అయితే నలభై సెంటీమీటర్లు. నలభై సెంటీమీటర్ల విమానం మన బంక్ బెడ్ల రూములో ఎక్కడ పెడతావు? అందుకని కొనేముందు టేపు తీసి, నీ షెల్ఫులో జాగా కొలుచుకో. చాలామంది ఈ పని చెయ్యరు. నేనూ చెయ్యలేదు.

నేను మొదటిది కొన్నాను. 260 దిర్హాంలు. డీసీ-3, వెండి రంగు. అక్కడితో ఆగితే ఈ ఎపిసోడే ఉండేది కాదు. కాన్‌స్టెలేషన్ చూశాను. నాలుగు ప్రొపెల్లర్లు, చేప వీపులా వంగిన ఒళ్లు, వెనక ఒకటికి మూడు తోకలు. ఒక్కటే పొడుగు తోక పెడితే అప్పటి హ్యాంగర్ల తలుపుల్లో పట్టదని మూడు పొట్టివి పెట్టారు. ఆ కథ తెలిశాక కొనకుండా ఉండలేకపోయా. తర్వాత వైకౌంట్. తర్వాత డీసీ-6. తర్వాత స్ట్రాటోక్రూయిజర్. ఒక కంపెనీ అచ్చు ఒకటే చేసి దాని మీద పది ఎయిర్‌లైన్ల రంగులు మార్చి మార్చి వదులుతుంది. చీర ఒకటే, అంచు వేరు అన్నట్టు. "లిమిటెడ్ ఎడిషన్, ఇంక దొరకదు, రేటు పెరుగుతుంది" అంటారు. ఎనిమిది నెలల్లో పద్నాలుగు అయ్యాయి. మొత్తం 3,400 దిర్హాంలు. అప్పుడు నా జీతం ఓవర్‌టైం కాకుండా 2,200.

రూములో అరుగు లేదు, అల్మారా లేదు. డబ్బాలు మడిచి, బొమ్మల్ని పాత టవళ్లలో చుట్టి పరుపు కింద పలకల మీద పెట్టేవాణ్ని. అంటే చూసుకోవడానికి కొన్నవి చూసుకోలేని చోట పెట్టుకున్నా. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, లైటు ఆపేశాక, సెల్ వెలుతురులో ఒకటి తీసి చూసి మళ్లీ చుట్టి పెట్టేవాణ్ని. దొంగసొమ్ములాగా.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడే మాట. ఆ ఏడాది మా పెద్దపాప ఇంటర్ మొదటి సంవత్సరం. రెండో విడత ఫీజు 18,000 రూపాయలు కట్టాలి. ఇంటి నుంచి ఫోను. నేను ఏం చెప్పానో తెలుసా? "ఈ నెల కంపెనీల జీతాలు లేటయినయి" అన్నాను. జీతం ఒకటో తారీఖునే పడింది. ఆ వారమే ఒక డీసీ-6 కొని ఉన్నా.

అబద్ధం ఎన్ని రోజులు నిలుస్తుంది? మా రూములోనే పడుకునే అన్న వాళ్లదీ మా మండలమే. ఆయన భార్యకీ మా ఇంటావిడకీ వారం సంతలో మాటలు కలిశాయి. ఆ రాత్రి వీడియో కాల్. నాకింకా ప్రతి మాటా గుర్తుంది.

"ఏందయ్యా, మీ కంపెనీల జీతాలు టైముకే పడ్డయంట గదా?"

నేను నీళ్లు నమిలాను.

"తాగుడు పట్టిందా? నిజం చెప్పు."

లేదన్నాను. ఆమె నమ్మలేదు. నమ్మించడానికి నాకు ఒకటే దారి కనిపించింది. పరుపు ఎత్తి, కెమెరా తిప్పి చూపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. చివరికి ఒక్కటే అడిగింది. "తాగుడైతే దిగుతది అనుకుంటి. ఇవేందయ్యా? పిల్ల ఫీజు కన్న ఎక్కువనా ఇవి?"

వెనక నుంచి మా పాప అన్నది, "అమ్మా, నాన్నను ఏమనకు. నేను కాలేజీల మాట్లాడుకుంట." పదహారేళ్ల పిల్ల. ఆ మాట భార్య మాట కన్నా లోతుగా దిగింది.

మర్నాటి నుంచి అమ్మడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది ఈ లోకం అసలు రంగు. రేటు పెరుగుతుందన్నారు కదా. కొన్నప్పుడు 400 పెట్టిన స్ట్రాటోక్రూయిజర్‌కి 220 కన్నా ఎవరూ పలకలేదు. నేను టవళ్లలో చుట్టడం వల్ల ఒక కాన్‌స్టెలేషన్‌కి ప్రొపెల్లర్ రెక్క ఒకటి విరిగింది, అది సగం ధరకి పోయింది. డబ్బాలు మడత పడ్డాయి కాబట్టి ఇంకొంచెం తగ్గించారు. ఈ లెక్కలో డబ్బా కూడా వస్తువే, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. పదమూడు అమ్మితే 1,850 దిర్హాంలు వచ్చాయి. పెట్టింది 3,140. 1,290 దిర్హాంలు నష్టం. ఫీజు కట్టాను. మిగిలినవి కూడా ఇంటికే పంపాను.

పదమూడు అన్నాను కదా. ఒకటి ఉంచుకున్నా. అది ఎందుకు ఉంచుకున్నానో చెప్పాలంటే ముందు ఇంకోదాని సంగతి చెప్పాలి.

అమ్మేటప్పుడు కొనేవాళ్లు నానా ప్రశ్నలూ అడుగుతారు. ఏ రకం, ఏ సంవత్సరం, రిజిస్ట్రేషన్ అక్షరాలు సరైనవేనా. జవాబు చెప్పడానికి నేను ఒక్కోదాని గురించి చదవాల్సి వచ్చింది. చిత్రం చూడండి, కొన్నప్పుడు చదవలేదు, అమ్మేటప్పుడు చదివాను. ఒకాయన కాన్‌స్టెలేషన్ కావాలని వచ్చి అడిగాడు, "ఇది 749 నా, 1049 నా?" నాకు తేడా తెలియదు. ఆయనే చెప్పాడు. 749 పొట్టిది, కిటికీలు గుండ్రం. 1049 ఇంచుమించు ఐదున్నర మీటర్లు పొడుగు, కిటికీలు నలుచదరం. కొన్ని చవక బొమ్మల్లో ఒక రకం అచ్చు మీద ఇంకో రకం రంగు వేసేస్తారు, చూసి కొనాలన్నాడు. ఆయన వెతుకుతున్నది ఎయిర్ ఇండియా వాళ్ల మొదటి కాన్‌స్టెలేషన్. 749. పేరు మలబార్ ప్రిన్సెస్. నా దగ్గర ఉన్నది అది కాదు, ఆయన వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ పేరు పట్టుకుని చదివాను.

1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కి బయలుదేరింది ఆ విమానం. స్వతంత్రం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మన దేశపు విమానం, మన పేరుతో, సముద్రం దాటడం. జేఆర్‌డీ టాటా కూడా అందులో ప్రయాణించారు. ఇక్కడి దాకా అందరూ చెప్తారు. బొమ్మల డబ్బాల వెనక రాసేదీ ఇట్లాంటి కథే.

రెండేళ్ల తర్వాత, 1950 నవంబరు 3న, అదే విమానం జెనీవాలో దిగబోతూ ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ పర్వతాన్ని గుద్దుకుంది. 4,600 మీటర్లకు పైన, మంచులో. 48 మంది ఉన్నారు, సిబ్బంది 8, ప్రయాణికులు 40. ఒక్కరూ మిగల్లేదు. వాళ్లను వెతకడానికి ఎక్కిన కొండ గైడుల్లో రెనె పాయో అనే ఆయన కూడా ఆ మంచులోనే చనిపోయాడు.

ఆ ప్రయాణికులు ఎవరో తెలుసా? రాజులు కాదు, సేఠ్‌లు కాదు. చాలామంది మన దేశపు ఓడ కార్మికులు. ఇంగ్లండ్‌లో ఒక ఓడలో డ్యూటీ ఎక్కడానికి కంపెనీ వాళ్లను విమానంలో పంపింది. అంటే మనలాంటివాళ్లు. కాంట్రాక్టు చేతిలో పెట్టుకుని, ఇంటికి పంపబోయే డబ్బు లెక్కలు వేసుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు.

ఇది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పాత విమానాలంటే సూటు, టోపీ పెట్టుకున్న పెద్దమనుషులవి, మనం అద్దాల అవతల నిలబడి చూడాల్సినవి అనుకునేవాణ్ని. మ్యూజియం గోడల మీద ఫోటోల్లో కూడా వాళ్లే ఉంటారు కదా. కానీ 1950లోనే మనవాళ్లు అందులో ఉన్నారు. బొమ్మ మీద మిల్లీమీటరు అక్షరాల్లో రిజిస్ట్రేషన్ నంబరు తప్పు లేకుండా అద్దుతారు. యాంటెన్నా తీగ కూడా వదలరు. లోపల ఎవరు కూర్చున్నారో మాత్రం ఏ డబ్బా మీదా రాయరు. అది కొన్నవాడే తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే చేతిలో ఉన్నది జింకు ముక్కే.

అందుకని డీసీ-3 ఉంచుకున్నా. మొదట కొన్నది, దాని కథ మన దాకా వస్తుంది కాబట్టి. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది. రెండు ఇంజన్లు, ఇరవై ముప్పై మంది పడతారు. సైన్యానికి చేసినవి కలుపుకుంటే పదివేలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన డకోటాలను మన దేశంలో కంపెనీలు చవగ్గా కొన్నాయి. అట్లా కొని నడిపినవాళ్లలో మన హైదరాబాదు కంపెనీ ఒకటి ఉంది, డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం సర్కారు రైల్వే, టాటాలు కలిసి పెట్టింది. బేగంపేట నుంచి నడిచేది. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు ఇదీ అందులో కలిసిపోయింది. 1949 నుంచి రాత్రిపూట టపా విమానాలు నడిచేవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు నాగ్‌పూర్‌లో అర్ధరాత్రి కలుసుకుని, ఉత్తరాల సంచులు మార్చుకుని, తెల్లారేలోపు వెనక్కి పోయేవి. ఎక్కువగా డకోటాలే. బొమ్మబండి అని మనం వెక్కిరించే ఆ డకోటా, జనం నిద్రపోతుంటే ఉత్తరాలు మోసింది.

పోయినసారి సెలవుకి వెళ్లినప్పుడు దాన్ని తీసుకెళ్లాను. అసలు డబ్బాలో, నురగ అచ్చులో పెట్టి, చేతి సంచిలో. చెక్-ఇన్ లగేజీలో వెయ్యొద్దు, ప్రొపెల్లర్లు మిగలవు. గట్టి లోహం కాబట్టి స్కానింగ్ దగ్గర తెరిచి చూపమనొచ్చు, పైనే పెట్టుకోండి. ఇంట్లో మా ఆవిడ దాని దిక్కు చూడలేదు. పాప చేతికిచ్చాను. వేలితో ప్రొపెల్లర్ తిప్పింది. "ఇది ఎవరు నడిపేటోళ్లు నాన్నా?" అన్నది.

అప్పుడు నేను చదివిందాంట్లో ఒక పేరు చెప్పాను. ప్రేమ్ మాథుర్. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు తీసుకున్న మొదటి మహిళ, 1947లో. ఆడమనిషి నడిపితే జనం ఎక్కరని చాలా కంపెనీలు కాదన్నాయి. ఉద్యోగం ఇచ్చింది ఎవరనుకున్నారు? మన డెక్కన్ ఎయిర్‌వేస్. వాళ్లు నడిపింది ఈ డకోటాలే అని చెప్పాను. పాప ఏమీ అనలేదు. కానీ ఆ బొమ్మ ఇప్పుడు టీవీ పక్కన కాదు, ఆమె పుస్తకాల పక్కన ఉంది. మా ఆవిడ దుమ్ము తుడుస్తుందట. నాకు ఫోన్లో చెప్పలేదు, పాప చెప్పింది.

సరే, దోహా తమ్ముడికి జవాబు చెప్పాలి కదా. నాలుగు మాటలు.

మొదటిది, చేతిలోకి తీసుకుని చూడు. అన్ని ప్రొపెల్లర్లూ తిరుగుతున్నాయా, రెక్క ఒంటికి కలిసే చోట సందు ఉందా, రంగు కింద బుడగలు ఉన్నాయా, తోక మీద అక్షరాలు వంకరగా ఉన్నాయా. ఆన్‌లైన్‌లో అయితే అన్ని వైపులా ఫోటోలు అడుగు. అడ్డుపెట్టి తీసిన ఫోటో వెనక ఏదో ఉంటుంది. నేను వాడినది ఒకటి కొంటే రెక్క మొదట్లో వెంట్రుకవాసి పగులు ఉంది, ఫోటోలో అది కనపడకుండా తిప్పి తీశాడు ఆ మనిషి.

రెండోది, ఆ పగులు సంగతే. జింకుకి ఒక రోగం ఉంది, దాన్ని జింక్ పెస్ట్ అంటారు. లోహంలో సీసం లాంటి మలినాలు కలిస్తే, ఏళ్ల తర్వాత లోపలి నుంచే పగిలి, ఉబ్బి, పిండి పిండి అవుతుంది. వేడి, తేమ ఉంటే ఇంకా త్వరగా. మన గల్ఫ్ తీరంలో ఆ రెండిటికీ కొదవ లేదు. దానికి మందు లేదు. అందుకే 1929లో అమెరికాలో జమాక్‌ని చాలా శుద్ధమైన జింకుతో తయారుచేయడం మొదలుపెట్టారు. అంతకు ముందువి, మధ్యలో చవకగా చేసినవి నమ్మలేం. పాతది కొంటే గోళ్లతో కాదు, కళ్లతో వెతుకు. కొత్తదైనా కారులో, కిటికీ ఎండలో వదలకు.

మూడోది, పెట్టుబడి అని ఎవరన్నా చెప్తే నా 1,290 దిర్హాంలు గుర్తు చేసుకో. డబ్బు పెరగాలంటే వేరే దారులున్నాయి. ఇది ఖర్చు. ఖర్చు అని ఒప్పుకుని పెడితే తప్పు లేదు. సిగరెట్టుకి పెట్టేవాళ్లు లేరా?

నాలుగోది, అన్నిటికంటే ముందుది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యి. "ఒక వస్తువు మీద మనసైంది, ఇంత ధర, ఈ నెల మీకు పంపేది పంపాకే కొంటా" అని చెప్పు. నవ్వుతారు, నవ్వనీ. చెప్పి కొన్నది టేబుల్ మీద ఉంటుంది. చెప్పకుండా కొన్నది పరుపు కిందికి పోతుంది. నేను పోగొట్టుకుంది డబ్బు కాదు తమ్ముడూ, డబ్బు ఓవర్‌టైంతో పూడింది. "జీతం లేటయింది" అని ఇప్పుడు నిజంగా లేటైనప్పుడు చెప్పినా, అవతల ఒక్క క్షణం మౌనం ఉంటుంది. ఆ క్షణం ఇంకా పూడలేదు.

కొంటే ఒక్కటి కొను. కొన్నాక దాని గురించి పూర్తిగా చదువు. ఎవరు చేశారు, ఎక్కడ తిరిగింది, ఎవరు ఎక్కారు, ఎట్లా పోయింది. షార్జాలో మొదట దిగిన ఆ హెచ్‌పీ-42లు మొత్తం ఎనిమిదే చేశారు. వాటిలో హానిబాల్ అనేది 1940 మార్చి 1న ఎనిమిది మందితో ఒమన్ సముద్రం మీద మాయమైంది, మళ్లీ దొరకలేదు. 1941కల్లా ఎనిమిదీ పోయాయి. ఇప్పుడు వాటిని చూడాలంటే బొమ్మలూ, ఫోటోలే. అందుకని ఈ పిచ్చి మరీ అంత పనికిరానిదేమీ కాదు.

షార్జా, అజ్మాన్, దుబాయ్‌లో ఉన్నవాళ్లు సెలవు రోజు ఒకసారి అల్ మహట్టాకి వెళ్లి రండి. డకోటా ముందు నిలబడి ఫోటో తీసి ఇంటికి పంపండి. "ఇగో, ఇదే డకోటా బండి" అని రాసి పంపండి.

వచ్చే వారం గ్రాట్యుటీ లెక్కల్లో మిగిలిపోయిన ప్రశ్నలు చూద్దాం. మీ వాయిస్ మెసేజ్‌లు పంపుతూ ఉండండి, పేర్లు బయటికి చెప్పను. దోహా తమ్ముడూ, ఇంట్లో ఏమన్నారో మాత్రం నాకు తప్పకుండా చెప్పు. ఎండలో జాగ్రత్త, నీళ్లు తాగండి. ఉంటాను మరి.